ఒక పక్క నవ్వు

పత్తి మొదటి తీత ఇళ్లకు చేరుతున్న రోజుల్లో మా ఆయన నాగేష్ కౌతాళంలో ఒక పెళ్లిలో కిందపడ్డాడు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు పైనుంచి తీస్తే బాగుంటుందని కుర్చీ మీద కుర్చీ వేయించుకుని ఎక్కాడట. పడేటప్పుడు కూడా కెమెరాను గుండెకు అదుముకునే పడ్డాడు. కెమెరాకు గీత కూడా పడలేదు. కుడి మణికట్టు మాత్రం విరిగింది.

కట్టు కట్టించుకుని ఎమ్మిగనూరు ఇంటికి వచ్చి కూర్చున్నాక ఆయన మొదట అన్న మాట, "ఆదోనోళ్లకు ఫోన్ చేసి రాలేమని సెప్పల్ల."

మా ఇంటి ముందు గదే స్టూడియో. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ తిరిగేది ఆయన. వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ముఖాలను బాగుచేసేది నేను. చెమట తుడవడం, మొటిమలు తీసేయడం, మెడ రంగును ముఖం రంగుతో కలపడం నా పని. ఎమ్మిగనూరు చుట్టుపక్కల పెళ్లికూతుళ్లలో సగం మంది నా చేతి మీదుగా పోయినవాళ్లే. మగవాళ్లు పోకూడని గదుల్లో, ఓణీల ఫంక్షన్లప్పుడు, కెమెరా నా చేతికి వచ్చేది. అంతకు మించి నేను బయటికి పోయి తీసింది లేదు.

ఆదోని పని అలాంటిది కాదు. శేషప్ప గారి జిన్నింగ్ మిల్లు వాళ్లు కొత్తగా వెబ్‌సైట్ పెడుతున్నారు. కోయంబత్తూరు నుంచి దూది కొనేవాళ్లు ఇప్పుడు మిల్లును చూసే ముందే సెల్లులో మిల్లు మనుషులను చూసుకుంటారట. యజమానుల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరివీ ఒకే తీరులో, ఒకే తెర ముందు తీయాలి. దానికి కార్పొరేట్ పోర్ట్రెయిట్ అని పేరు. అలాంటి పని మా స్టూడియోకు రావడం అదే మొదలు. దానికోసం మా ఆయన బూడిద రంగు తెర కూడా తెప్పించి పెట్టుకున్నాడు.

"నేను పోతా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "అవి పెండ్లి ఫోటోలు గాదు సుకన్యా. కంపెనోళ్లు. పెండ్లిలో వెయ్యి తీస్తే పది బాగుంటే సాలు. ఈడ ఒగ మనిషికి ఒగటే ఫోటో. దాంట్లోనే ఆ మనిషి అంతా కనపడల్ల."

"వెనక గదిలో నేను సూసేది కూడా ఒగోటే గదా."

మగ్గం గుంట అంచున కాళ్లు చాపుకుని కూర్చున్న మా అత్త లక్ష్మక్క అందుకుంది. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి ఆమె మగ్గం నేయడం మానేసింది గానీ కూర్చునే చోటు మాత్రం మార్చలేదు.

"పోనీరా. నేను కూడా పోతా దాని ఎంబడి. లైట్లు, తెర ఒగతే ఎట్ల మోస్తాది?"

"నీ మోకాళ్లతో నువ్వు యాడ పోతావమ్మా?"

"మోకాళ్లు బస్సులో కూసుంటాయి లే."

అలా మేమిద్దరం పోయాం.

*

మిల్లు ఆవరణంతా దూది పింజలు ఎగురుతున్నాయి. మిల్లు లోపలి చప్పుడుకు ఆఫీసు అద్దాలు సన్నగా అదురుతున్నాయి. శేషప్ప గారి కొడుకు ప్రదీప్ బెంగళూరులో చదువుకుని వచ్చినవాడు, మిల్లు పనంతా ఇప్పుడు అతనిదే. నల్ల కోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మా ఇద్దరినీ, మా అత్త భుజం మీద ఉన్న తెర చుట్టనూ చూసి, మా వెనక ఇంకెవరైనా వస్తారేమోనని గేటు వైపు చూశాడు.

"నాగేష్ గారు రాలేదా?"

"చెయ్యి విరిగింది సార్. నేను వాళ్ల భార్యను. నేనే తీస్తాను."

అతను సెల్లు చూసుకున్నాడు, నన్ను చూశాడు, కోటు సర్దుకున్నాడు. "సరే. త్వరగా కానివ్వండి. మధ్యాహ్నం బండ్లు ఎక్కువ వస్తాయి," అన్నాడు.

తెర కడితే అంతా మడతలే. నాకు అక్కడే సగం ధైర్యం పోయింది. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి, నోట్లోకి తీసుకుని, తెర మీద తుంపరగా ఊది, అంచులు పట్టి లాగి కట్టింది. ప్రదీప్ అటు తిరిగి చూడనట్టు నిలబడ్డాడు.

స్టూలు మీద కూర్చోగానే అతని ముఖం బిగుసుకుపోయింది. గడ్డం పైకి లేచింది, భుజాలు చెవుల దాకా వచ్చాయి. "కొంచెం నవ్వండి సార్," అన్నాను. నవ్వాడు. పళ్ల డాక్టర్ దగ్గర నోరు తెరిచినట్టుంది. ఇంకోటి తీశాను. అదీ అంతే. ఇలాంటి ముఖాన్ని ఏ కంప్యూటర్లో పెట్టినా బాగుచేయలేమని నాకు తెలుసు. మరక పోతుంది గానీ బిగువు పోదు.

లైటు గొడుగు పక్కన ఎత్తుపీట మీద కూర్చున్న మా అత్త అడిగింది. "నాయనా, పొద్దున ఏమన్నా తినింటివా?"

"తిన్నాను అవ్వా."

"ఏం తినింటివి?"

"ఓట్స్."

"ఓట్లా?" మా అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఓట్లు తింటారా ఎవురన్నా? వేస్తారు గానీ."

ప్రదీప్ నవ్వాపుకోలేక స్టూలు మీద ముందుకు వంగిపోయాడు. తలుపు దగ్గరున్న మేనేజరు యేసురత్నం కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ నవ్వును తీయలేదు. నవ్వు అయిపోయి, అతను తిరిగి నిటారుగా కూర్చుని నా వైపు చూసిన ఆ క్షణంలో, భుజాలు తమ చోటికి తాము వచ్చి, కళ్లలో తడి ఇంకా ఆరకముందు, అప్పుడు తీశాను. కెమెరా వెనక స్క్రీన్ మీద చూసుకోగానే నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత పని దానంతటదే సాగింది. మేనేజరు యేసురత్నం ఆవరణలో హమాలీల మీద అరిచే మనిషి, కనుబొమలు విప్పడం తెలియని ముఖం. మా అత్త పిల్లలెందరని అడిగింది. "ఒగటే పాపమ్మా, రూతు. కర్నూల్లో నర్సింగు సదువుతాంది," అంటూనే ఆయన కనుబొమలు విచ్చుకున్నాయి. ఎవరిని ఏమడగాలో మా అత్త ముందుగా అనుకుని వచ్చింది కాదు. నోరు ఊరకుండక అడిగేది. నేను కాచుకుని ఉండేదాన్ని.

అందరివీ అయ్యాక, "పెద్దాయనది?" అని అడిగాను.

ప్రదీప్ గొంతు తగ్గించాడు. "నాయనది పాత ఫోటో ఉంది. అదే పెడతాం. పోయిన ఏడాది స్ట్రోక్ వచ్చింది. మూతి ఒక పక్క జారిపోయింది. ఆయన బాధపడతారు, అడగొద్దు."

బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన టవల్‌ను మూతికి అడ్డంగా పట్టుకుని, దిగుతున్న పత్తిని చూస్తూ కూర్చున్నారు. మేము సామాన్లు మోసుకుని ఆయన ముందు నుంచే పోవాలి. నేను తల వంచుకుని పోతున్నాను. మా అత్త ఆగి, ఎన్నాళ్లుగానో తెలిసినవాడిని పలకరించినట్టు పలకరించింది.

"శేషప్పా, బాగుండావా?"

ఆయన టవల్ వెనక నుంచే అన్నారు. "ఏం బాగు లే యమ్మా. మూతి వంకర పోయె."

"మూతి పోతే పోయింది. మాట సక్కగనే ఉండాది గదా," అంది మా అత్త, తెర చుట్ట ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ.

ఆయన ఆమెను తేరిపార చూశారు. టవల్ కొంచెం కదిలింది.

*

ఇంటికి వచ్చాక ఫోటోలు మా ఆయన ముందు పెట్టాను. ఎడమ చేత్తో మౌసు పట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. "లైటు రవ్వంత ఎక్కువైంది," అన్నాడు. మళ్లీ ప్రదీప్ ఫోటో దగ్గరికే వచ్చి ఆగాడు. "ఇది బాగుండాది," అన్నాడు చివరికి.

వెబ్‌సైట్ పెట్టిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. ఎమ్మిగనూరులోనే ఒక విత్తనాల కంపెనీ, ఆదోనిలో ఒక నూనె మిల్లు, ఒక స్కానింగ్ సెంటరు. ప్రదీప్‌కు తీసినట్టు మాకూ తీయాలని అడిగేవాళ్లు. ఫోను మా ఆయన దగ్గర ఉండేది. నేను వంటింట్లో నుంచి వినేదాన్ని.

"చెయ్యి బాగైపోతాంది సార్. వచ్చే నెల నేనే వస్తాను సార్."

మొదటిసారి విని ఊరుకున్నాను. రెండోసారి విన్నప్పుడు గరిటె పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చి ఆగాను. స్టూడియో ఆయనది. నన్ను చేసుకోక ముందే, సైకిల్ మీద తిరిగి పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసి నిలబెట్టుకున్నది. ఆ మాట నాకు గుర్తుండబట్టే నోరు రాలేదు. కానీ మిల్లులో ఆ క్షణం నా వేలి కింద మనిషి ముఖం విచ్చుకున్నప్పుడు కలిగిన సంతోషం కూడా గుర్తుంది. దాన్ని ఎవరో వచ్చే నెలకు వాయిదా వేస్తున్నట్టుంది.

మూడో ఫోన్ అయ్యాక మా అత్తే అడిగింది. "ఏమిరా, పిలిసినోళ్లకంతా వచ్చే నెల వస్తానంటాండావు?"

"నీకు తెలీదు లేమ్మా. ఒగసారి అట్ల కుదిరినాయి. ఇంగోసారి కుదరకపోతే పేరు పోతాది."

"ఎవురి పేరు?" అన్నాను నేను.

ఆయన ఎడమ చేత్తో ఉల్లిగడ్డ తరగడానికి తంటాలు పడుతున్నాడు. నేను పోయి కత్తిపీట తీసుకున్నాను. ఆ పూట మా మధ్య ఉల్లిగడ్డల మాట తప్ప ఇంకో మాట లేదు.

*

ఆయన స్టూడియో ఫోను ఇంట్లోనే పెట్టి కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి పోయిన రోజు అది మోగింది. తీశాను.

"ఆ పెద్దామె ఉండాదా?" మాట కొంచెం ముద్దగా ఉంది.

"ఎవరండీ?"

"నేనప్పా, శేషప్ప. ఆదోని మిల్లు. ఆ పెద్దామెను, ఫోటోలు తీసే పాపను, రేపు రమ్మని సెప్పు."

సాయంత్రం మా ఆయనకు చెబితే, "పెద్దాయన పిలిసినాక పోకుండా ఎట్ల? పోయిరాండి," అన్నాడు. ముఖం మాత్రం కిటికీ వైపు పెట్టుకున్నాడు.

మరుసటి రోజు శేషప్ప గారు దూది నాణ్యత చూసే గదిలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద కాగితాల్లో చుట్టిన దూది ముద్దలు. ప్రదీప్ మార్కెట్ యార్డుకు పోయాడని చెప్పి, మమ్మల్ని కూర్చోమన్నారు. టవల్ మూతి మీదే ఉంది.

"మొన్న కోయంబత్తూరు నుంచి దూది కొనే ఆయప్ప వచ్చినాడు," అన్నారు. "నేను బయట కుర్చీలో ఉండా. సెల్లులో నా ఫోటో సూసుకుంటా వచ్చి, నన్నే అడిగినాడు, 'శేషప్ప గారు యాడ ఉండారు' అని. నన్ను వాచ్‌మన్ అనుకున్నట్టుండాడు."

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నలభై ఏండ్లు ఈ మిల్లు గేటులో నిలబడినా. నా ముఖం సూసి పత్తి పోసిపోయినారు రైతులు. ఇప్పుడు నా మిల్లులో నేనే లేను. నాకొగ ఫోటో తీయి పాపా. ఇప్పుడుండే ముఖం."

నేను లైటు పెట్టాను. పదేళ్లుగా చేతికి పట్టిన అలవాటు కదా, జారిన పక్క నీడలోకి పోయేటట్టే పెట్టాను. ఆయన చూశారు.

"ఆ పక్క చీకటి ఎందుకు సేసినావు?"

"ఆ పక్క కొంచెం నీడ ఉంటే..."

"వద్దు. ఆ కోయంబత్తూరు ఆయప్ప నన్ను గుర్తుపట్టల్ల. అంతే."

లైటు నడిమికి జరిపాను. టవల్ తీశారు. ఎడమ పక్క పెదవి కొస కిందికి దిగి, చెంప వదులుగా వేలాడుతోంది. కెమెరా ఎత్తగానే ఆయన చెయ్యి తనకు తెలియకుండానే టవల్ కోసం పోయింది. దించితే వదిలేవారు, ఎత్తితే పట్టుకునేవారు. మా అత్త వానల గురించి అడిగింది, పత్తి ధర గురించి అడిగింది. ఆయన ఒక్క మాటలో జవాబు చెప్పి మళ్లీ బిగుసుకునేవారు.

మా అత్తకు విసుగొచ్చింది. "నీ పని నువ్వు సేసుకో శేషప్పా. దాని పని అది సేసుకుంటాది," అంది.

ఆయన బల్ల మీది దూది ముద్దలోంచి చిటికెడు తీసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగారు. పోగులు విడిపోయాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ లాగారు. పోగు ఎంత పొడుగుందో చూస్తున్నారు. అలా లాగుతూ లాగుతూ మమ్మల్ని మరిచిపోయారు. టవల్ ఒళ్లోకి జారింది. ఇప్పుడు ఆ ముఖంలో జబ్బు లేదు, పని ఉంది. నేను చప్పుడు కాకుండా రెండు మూడు తీశాను.

నా వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. శేషప్ప గారు తలెత్తారు. కుడి పక్క పెదవి కొస పైకి లేచింది. ఎడమ పక్క ఉన్నచోటే ఉంది. నా వేలు నొక్కేసింది.

"ఏం జరుగుతోంది నాయనా?" అన్నాడు ప్రదీప్ లోపలికి వస్తూ.

సామాన్లు సర్దుకుని బయటికి వచ్చినప్పుడు అతను నా వెంట గేటు దాకా వచ్చాడు. కోపంగా లేడు. ఏదో మోస్తున్నట్టున్నాడు.

"ఆ ముఖం వెబ్‌సైట్‌లో పెడితే చూసినవాళ్లంతా అయ్యో పాపం అంటారు. మా నాయనను ఎవరూ అట్ల అనకూడదు. మీరు కంప్యూటర్లో మూతి కొంచెం సరిచేసి పంపండి. నాయనకు చెప్పొద్దు."

నేను అవుననలేదు, కాదనలేదు. మా బస్సు ఆదోని దాటకముందే అతను మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన "చేసిస్తాం సార్" అన్నాడు.

*

"నీకెంత పని అది," అన్నాడు మా ఆయన, ఫోటో తెరిచిపెట్టి. నిజమే. అంతకంటే కష్టమైనవి చేసినదాన్నే.

పెదవి కొస పట్టుకుని పైకి లాగాను. కుడి చెంపను తీసి ఎడమ పక్క వేసి, వెలుగు కలిపాను. చక్కగా కుదిరింది. దూరంగా జరిగి చూస్తే మనిషి నిండుగా, పెద్దమనిషి తీరుగా ఉన్నాడు. కానీ ఏదో తప్పింది. నవ్వు లేదు. ఆ నవ్వంతా కుడి పక్క ఎడమ పక్క కంటే పైకి లేవడంలోనే ఉంది. రెండూ సమం చేస్తే అది పోయింది. రెండు పక్కలా పైకి లేపి చూశాను. అప్పుడు ఆయన పళ్లికిలించినట్టుంది. శేషప్ప గారు ఎప్పుడూ అలా నవ్వి ఉండరు. చెరిపి మళ్లీ చేశాను. మళ్లీ చెరిపాను.

మా అత్త టీ తెచ్చి పక్కన పెట్టి, స్క్రీన్ వైపు వంగింది. "ఎవురిది ఇది?"

"శేషప్ప గారిది అత్తా."

"శేషప్ప యాడ ఉండాడు దీంట్లో?" అంది.

ఆమె వెక్కిరించడం లేదు. కళ్లు చికిలించుకుని నిజంగానే వెతుకుతోంది.

గుమ్మంలో ఉన్న మా ఆయన అది విన్నాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నేను తీసిన ఫోటోనూ, సరిచేసిన ఫోటోనూ పక్కపక్కన పెట్టమన్నాడు. చూశాడు.

"ఈ నవ్వు ఎట్ల తెప్పించినావు?"

"నేను తెప్పించలేదు. కొడుకు లోపలికి వచ్చినాడు."

"నువ్వు కాసుకోని ఉండావు."

"ఊఁ."

ఆయన లేచి ఫోను తీసుకున్నాడు. "ప్రదీప్ సార్, నేను నాగేష్‌ను. ఆ ఫోటో సంగతి... అది నేను తీసింది గాదు సార్. తీసినామె సరిసెయ్యనంటాంది. ఒగసారి మీరే వచ్చి ఆమెతో మాట్లాడండి."

ఫోను పెట్టేశాక నేను అన్నాను. "నేను సెయ్యననలేదు గదా ఇంకా."

"అంటావు లే," అని టీ గ్లాసు తీసుకుని ముందు గదిలోకి పోయాడు.

*

ప్రదీప్ మరుసటి రోజు పొద్దున్నే వచ్చాడు. కోటు లేదు, మామూలు చొక్కాలో ఇంకా చిన్నవాడిగా కనిపించాడు. వెనక గదిలో కూర్చోబెట్టి రెండు ఫోటోలూ చూపించాను. సరిచేసిన దాన్ని చూసి ఊపిరి వదిలాడు.

"ఇది బాగుంది కదా. ఇదే పంపండి. దీంట్లో మాట్లాడేదేముంది?"

అతని కళ్లు రెండోదాని మీదికి పోయాయి. అక్కడే నిలిచాయి.

"నాయన ఎవర్ని చూస్తున్నారు ఇక్కడ?"

"మిమ్మల్నే సార్. మీరు అప్పుడే తలుపు తీసుకోని వచ్చినారు."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముందు గదిలో మా అత్త ఎవరితోనో చీర అంచు గురించి మాట్లాడుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

"నేను రోజుకు పదిసార్లు పోతాను ఆ గదిలోకి," అన్నాడు. "జబ్బు చేసినప్పటి నుంచి నేను ఆయన ముఖం చూసి మాట్లాడను. చూస్తే ఆయనకు కష్టంగా ఉంటుందని. బల్ల వైపు చూస్తా, కాగితాల వైపు చూస్తా." స్క్రీన్‌కు ఇంకా దగ్గరగా వంగాడు. "నవ్వుతున్నారని నాకు తెలీదు."

నేను సరిచేసిన ఫోటోను మూసేశాను. అతను వద్దనలేదు. ఒక్కటే మిగిలిన తర్వాత కూడా అలాగే కూర్చున్నాడు. మా ఆయన మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగి లేచాడు.

"ఇది పంపండి," అన్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "పెద్దది కూడా ఒకటి కావాలి. ఆఫీసులో పెట్టేకి," అన్నాడు. బెంగళూరు మాట పోయి ఆదోని మాట వచ్చింది అతని నోట్లోకి.

కోయంబత్తూరు మనిషి మళ్లీ వచ్చినప్పుడు శేషప్ప గారే ఫోన్ చేశారు. పెద్దామెకు ఇమ్మన్నారు. మా అత్త ఫోను స్పీకరు పెట్టించుకుని చెవికి కాకుండా ముఖం ముందు పట్టుకుని విన్నది కాబట్టి మేమంతా విన్నాం.

"లక్ష్మక్కా, ఆయప్ప దూరం నుంచే నమస్కారం పెట్టినాడు."

"పెట్టక ఏం జేస్తాడు?" అంది మా అత్త. "కొడుకు ఎట్లుండాడు?"

"ఈ మధ్య ఊరికే ముఖంలో ముఖం పెట్టి మాట్లాడతాండాడు. పని సేసుకోనీడు," అన్నారాయన. ఆ మాట చెప్పడంలో ఎంత సంతోషం ఉందో ముద్ద మాటలోనూ తెలిసింది.

*

మా ఆయన కట్టు విప్పిన వారంలో నూనె మిల్లు వాళ్లు రమ్మన్నారు. అదే రోజు మేనేజరు యేసురత్నం చుట్టాలది కౌతాళంలో పెళ్లి ఉంది, చర్చిలో. రెండూ ఒకే పూట. మంచి కెమెరా మాకు ఒక్కటే. ఇంకోటి పాతది, మూత పెట్టినా తెరిచినా కిరకిరమంటుంది.

ముందు రోజు సాయంత్రం ఆయన రెండు బ్యాగులు సర్దుతూ కూర్చున్నాడు. నేను బట్టలు మడత పెడుతున్నట్టు పెడుతూ అటే చూస్తున్నాను. పెళ్లి అంటే ఆయనకు పదిమందిలో పేరు. పడిపోయిన ఊళ్లోనే మళ్లీ పోయి తీయాలని ఆయనకు ఎంత పట్టుదలగా ఉందో నాకు తెలుసు. ఆయన మంచి కెమెరా లెన్సు మెత్తటి గుడ్డతో తుడిచాడు, బ్యాటరీ చూశాడు, అన్నీ సర్ది జిప్పు వేసి నా వైపు జరిపాడు.

"పెండ్లిలో వెయ్యి తీస్తా గదా, దాంతోనైనా పది కుదురుతాయి," అన్నాడు పాత కెమెరాను చూపించి. తర్వాత, నా ముఖం చూడకుండా, "నూనె మిల్లు ఆయప్పకు కండ్లద్దాలు ఉండాయంట. లైటు కొంచెం పైకి పెట్టుకో. అద్దాల్లో మెరుస్తాది," అన్నాడు.

"సరే," అన్నాను. బ్యాగు తీసుకుపోయి తెర చుట్ట పక్కన పెట్టుకున్నాను.

పొద్దున ఆయన కౌతాళం బస్సు ఎక్కేదాకా ఉండి, మేము ఆదోని బస్సు ఎక్కాం. అప్పటికే సీట్లు నిండాయి. ఎవరో మా అత్త మోకాళ్లు చూసి కిటికీ పక్క చోటిచ్చారు. తెర చుట్టను ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంది. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేకపోయినా ఆధార్ కార్డు చూపించాలి. కండక్టర్ కార్డు తీసుకుని, దాన్నీ మా అత్తనూ మార్చి మార్చి చూశాడు.

"ఈ ఫోటోలో ఉండేది నువ్వేనా అవ్వా?"

"నేనే అంట. నాకు కూడా నమ్మకం లేదు," అంది మా అత్త.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కండక్టర్ కూడా నవ్వుతూ కార్డు తిరిగిచ్చాడు. "యాడికి పోతాండారు ఇంత సామాను ఏసుకోని?"

"ఆదోనికి. నూనె మిల్లోళ్లకు ఫోటోలు తీసేకి."

"ఎవురు తీస్తారు?"

మా అత్త నా వైపు చూసింది, తర్వాత కండక్టర్ వైపు.

"మేము తీస్తాము," అంది. "అడ్డం జరుగప్పా, తెర నలుగుతాది."